లాబీలో వెయిట్ చేసే గేమర్లకి: నేను చదివిన వాటిలో ఐదు వెబ్‌కామిక్స్

వాడపల్లి నుంచి మళ్ళీ వచ్చేశా. వెనకాల హోరు వినిపిస్తే ఫ్యాన్ అనుకోకండి, అద్దంకి హైవే మీద సిమెంట్ లారీలు. ఎడిటింగ్‌లో ఎంత తీసినా పోవట్లేదు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అనుకుని సర్దుకోండి.

నన్ను కలిసిన ప్రతి గేమర్ తమ్ముడూ ఒకే ప్రశ్న అడుగుతాడు. "అన్నా, గేమ్ ఆడనప్పుడు ఏం చేస్తావ్?" అని. కామిక్స్ చదువుతా. అంటే వెబ్‌కామిక్స్. ఇంటర్నెట్ కోసమే పుట్టి, ఇంటర్నెట్‌లోనే చదివే బొమ్మల కథలు. పుస్తకంగా వచ్చి తర్వాత ఎవరో స్కాన్ చేసినవి కాదు. కొరియా వాళ్ళవైతే మరీ, ఫోన్ కోసమే గీస్తారు. పేజీ తిప్పే పని లేదు, బొటనవేలితో పై నుంచి కిందకి జరుపుకుంటూ పోవడమే. వాటినే వెబ్‌టూన్ అంటారు.

ముందే ఒక మాట. నేను గేమింగ్ అన్నప్పుడల్లా కొందరు పెద్దోళ్ళు రమ్మీ అనుకుంటున్నారు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన తెలంగాణలో 2017లోనే నిషేధించారు. నేను చెప్పేది ఆ గేమింగ్ కాదు. మనది తుపాకీ, కత్తి, పోకేమాన్, పిజ్జా బ్యాచ్. ఓకేనా?

ఇక లిస్ట్‌కి ముందు, నేను ఈ కామిక్స్‌లో ఎట్లా పడ్డానో చెప్తా. ఎందుకంటే లిస్ట్‌లో మొదటిది అక్కణ్ణుంచే వచ్చింది.

2022 జూలై 28. గుర్తుందా? బీజీఎంఐ ప్లే స్టోర్ నుంచి మాయమైన రోజు. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ పోయింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది. ఇది మూడో దెబ్బ. అయితే అప్పటికే ఫోన్‌లో ఉన్నోళ్ళకి గేమ్ నడుస్తూనే ఉంది. మా స్క్వాడ్ నలుగురం. నేను హైదరాబాద్‌లో జాబ్. ఒకడు మిర్యాలగూడలో వాళ్ళ నాన్నతో రైస్ మిల్లు చూసుకుంటాడు. ఇంకొకడు దామరచర్లలో సెల్ షాపు. నాలుగోవాడు సరిగ్గా ఆ వారమే ఫోన్ మార్చాడు. కొత్త ఫోన్‌లో దింపుదామంటే స్టోర్‌లో గేమ్ లేదు. వాడి మొహం చూడాలి అప్పుడు!

ముగ్గురం రెండు రోజులు ఆడాం. మూడో రోజు ఎవడూ ఆన్‌లైన్‌కి రాలేదు.

బయటోళ్ళకి ఇది చిన్న విషయం. కానీ బీటెక్ అయిపోయాక దోస్తానా ఎట్లా ఉంటదో మీకు తెలుసు. ఎవడి పని వాడిది, ఎవడి అప్పు వాడిది. రాత్రి పదింటికి ఆ గంట గేమ్ ఒక్కటే మాకు మిగిలింది. అది మా అరుగు అనుకోండి. అక్కడ కూర్చునే వాడి పెళ్ళి చూపులు, వీడి బాస్ తిట్లు, అన్నీ మాట్లాడుకునేది. మధ్యలో ఎవడో వచ్చి కాల్చి పోయేవాడు, అది వేరే సంగతి. గేమ్ పోతే అరుగు పోయింది.

వారం తర్వాత ఆ నాలుగోవాడే గ్రూప్‌లో ఒక లింక్ పడేశాడు. "రేయ్, ఇది చదవండ్రా, ఇందులో హీరోకి లెవెల్ పెరుగుతది" అన్నాడు. అంతే. రోజుకి పది ఎపిసోడ్లు చదవడం, పదింటికి కాల్‌లో కూర్చుని వాదించుకోవడం. అరుగు తిరిగొచ్చింది.

మొదటిది: సోలో లెవెలింగ్

అదే ఆ కామిక్. చుగాంగ్ అనే రచయిత 2016లో నవలగా మొదలుపెట్టాడు, 2018లో కామిక్ అయ్యింది, 2021 చివర్లో అసలు కథ ముగిసింది. హీరో పేరు సంగ్ జిన్‌వూ. లోకంలోకి రాక్షసుల గుహలు తెరుచుకుంటాయి, వాటిలోకి దిగే హంటర్లు ఉంటారు. అందరిలోకీ అడుగున ఉన్నవాడు మనోడు, ఈ ర్యాంక్. ఒక గుహలో చచ్చి బతికాక కళ్ళ ముందు గేమ్ విండో తెరుచుకుంటుంది. రోజూ 100 పుషప్‌లు, 100 సిటప్‌లు, 100 స్క్వాట్‌లు, 10 కిలోమీటర్ల పరుగు. ఎగ్గొడితే శిక్ష. డైలీ మిషన్ అన్నమాట, కానీ ప్రాణం మీదికి.

గేమర్‌కి ఇది ఎందుకు ఎక్కుతుందంటే, మనం గంటలు గంటలు గ్రైండ్ చేసిన కష్టం ఇందులో మనిషి ఒంటి మీద కనిపిస్తుంది. లోపం కూడా చెప్పాలి కదా. సగం దాటాక హీరో తప్ప మిగతా వాళ్ళందరూ చప్పట్లు కొట్టడానికే ఉన్నట్టుంటారు. నెత్తురు కూడా ఎక్కువే, మరీ చిన్నపిల్లలకి ఇవ్వకండి. 2024 జనవరి నుంచి యానిమే వచ్చింది, అదే ఏడాది మేలో గేమ్ కూడా వచ్చింది. అయినా ముందు కామిక్ చదవండి. ఆ బొమ్మల కోసం.

ఇప్పుడు ఆ బొమ్మల సంగతి. ఆగస్టులో ఎప్పుడో చివరి ఎపిసోడ్ చదివేసి, ఇంత బాగా గీసినోడు ఎవడ్రా అని వెతికా. కలం పేరు దుబూ, అసలు పేరు జాంగ్ సంగ్-రాక్. 2022 జూలై 23న చనిపోయాడు. మెదడులో రక్తస్రావం. 37 ఏళ్ళు.

తేదీ చూడండి. మేము గేమ్ పోయిందని ఏడ్చిన రోజుకి సరిగ్గా ఐదు రోజుల ముందు. ఆయన పోయాకే నేను ఆయన మొదటి బొమ్మ చూశా. మూడు వారాలు రోజూ ఆయన గీతల గురించి వాదించుకున్నాం, మనిషి లేడని తెలియకుండానే.

దానికంటే నన్ను ఎక్కువ పొడిచింది ఇంకోటి ఉంది. మావాడు పంపిన లింక్ దొంగ సైట్‌ది. ఎపిసోడ్‌కి మూడు చెత్త యాడ్లు వచ్చే సైట్. మొత్తం కథ చదివితే ఆ యాడ్ల డబ్బు ఎవడికో పోయింది, గీసినోళ్ళకి నా వల్ల రూపాయి పోలేదు. తుపాకీకి రంగు మార్చుకోవడానికి డబ్బులు పెట్టినోణ్ణి నేను! ఆయనకి ముందు నుంచే ఆరోగ్యం బాగాలేదు, పని వల్లే పోయాడని నేను అనట్లేదు. కానీ వారానికో ఎపిసోడ్, అదీ రంగులతో, ఏళ్ళ తరబడి ఇవ్వడం అంటే ఏంటో సాఫ్ట్‌వేర్‌లో చేసినోడిగా నేను ఊహించుకోగలను. మాకు రెండు వారాల స్ప్రింట్‌కే నడుం పడిపోయేది. 'టవర్ ఆఫ్ గాడ్' గీసే సియు కూడా ఆరోగ్యం బాగాలేక 2020లో ఆపేసి, దాదాపు ఏడాదికి తిరిగొచ్చాడు. అప్పుడు "ఇంకెప్పుడు ఇస్తావ్" అని గోల చేసినోళ్ళు ఉన్నారు. మనమే.

అందుకే ఈ ఎపిసోడ్‌లో దొంగ సైట్ లింక్ ఒక్కటి కూడా ఉండదు. సోలో లెవెలింగ్ ఇంగ్లీష్‌లో ట్యాపీటూన్, టపాస్ యాప్‌లలో అఫీషియల్‌గా వచ్చింది. టపాస్ అంటే దీపావళివి కాదు, యాప్ పేరే అది. పుస్తకాలుగా కూడా దొరుకుతుంది. మొత్తం కొనమనట్లేదు. నచ్చిన కథకి ఒక్క ఎపిసోడ్ అయినా కొనండి. నేను పెట్టుకున్న రూల్ అదే.

రెండోది: నజ్‌లాక్

పోకేమాన్ ఆడినోళ్ళు ఈ పేరు వినే ఉంటారు. నజ్‌లాక్ రన్ అని స్ట్రీమర్లు ఆడతారు కదా. ఆ రూల్స్ ఒక కామిక్ నుంచి వచ్చాయని చాలా మందికి తెలీదు.

నిక్ ఫ్రాంకో అనే అతను 2010లో పోకేమాన్ రూబీ ఆడుతూ తనకి తనే రెండు షరతులు పెట్టుకున్నాడు. ఒకటి, స్పృహ తప్పిన పోకేమాన్ చచ్చిపోయినట్టే, మళ్ళీ వాడకూడదు. రెండు, ఏ చోటికి వెళ్ళినా అక్కడ మొదట కనిపించినదాన్నే పట్టాలి, తప్పిపోతే ఇంకోటి లేదు. ఆడిన ఆటని చిన్న చిన్న బొమ్మలుగా గీసి పెట్టాడు. అందులో నజ్‌లీఫ్ అనే పోకేమాన్‌కి 'లాస్ట్' సీరియల్‌లోని జాన్ లాక్ మొహం పెట్టాడు. నజ్‌లీఫ్, లాక్ కలిపి నజ్‌లాక్. ఇప్పుడు ప్రపంచమంతా ఆ పేరుతోనే ఆడుతోంది.

నాకు ఇది ఎందుకు ఇష్టమంటే, గేమ్‌లో ఒక్క లైన్ కోడ్ మారలేదు. ఒకడు కథ చెప్పాడు, దాంతో ఆట మారిపోయింది. అప్పటిదాకా మనకి పోకేమాన్ అంటే ఒక నంబర్. ఈ కామిక్ చదివాక అది చచ్చిపోతుందేమోనని భయం వేస్తుంది. బొమ్మలు మొదట్లో పిచ్చిగీతల్లా ఉంటాయి, కంగారు పడకండి.

మూడోది: ది ఆర్డర్ ఆఫ్ ది స్టిక్

రిచ్ బర్ల్యూ 2003లో మొదలుపెట్టాడు, ఇప్పటికి 1,300కి పైగా స్ట్రిప్పులు. మనుషులందరూ పుల్లలే. గుండ్రటి తల, గీత చేతులు, గీత కాళ్ళు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట రూల్స్ ప్రకారం బతికే ఆరుగురి గుంపు. తాము ఆట రూల్స్‌లో ఉన్నామని వాళ్ళకీ తెలుసు, దాని మీదే జోకులు.

మొదటి వంద స్ట్రిప్పులు ఉత్త జోకులే అనిపిస్తుంది. వదిలెయ్యకండి. మెల్లగా అదే పుల్ల మనుషుల మధ్య నమ్మకద్రోహం, చావు, తండ్రీ కొడుకుల గొడవ వస్తాయి. పుల్లబొమ్మ చచ్చిపోతే గొంతు పట్టేస్తుందని ఎవడైనా చెప్తే నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వను.

2012లో పాత పుస్తకాలు మళ్ళీ అచ్చు వేద్దామని పాఠకుల్ని 57,750 డాలర్లు అడిగాడు. 12 లక్షల డాలర్లు దాటి వచ్చాయి. సైట్‌లో ఫ్రీగా చదవొచ్చు, అయినా ఇచ్చారు. ఫ్రీగా దొరికేదానికి ఎవడూ డబ్బులివ్వడు అనే మాట అబద్ధమని తెలిసింది కదా.

నాలుగోది: పెన్నీ ఆర్కేడ్

గేమర్ కామిక్స్‌లో తాతగారు. 1998 నవంబర్‌లో మొదలైంది, అంటే మనలో కొందరు పుట్టకముందు. జెర్రీ హోల్కిన్స్ రాస్తాడు, మైక్ క్రాహులిక్ గీస్తాడు. ఇద్దరు దోస్తులు సోఫాలో కూర్చుని కొత్త గేమ్‌ని తిట్టుకోవడమే కామిక్. మూడే మూడు బొమ్మలు, అయిపోతుంది. మ్యాచ్ దొరికేలోపు రెండు చదివేయొచ్చు.

బూతులు ఉంటాయి, పచ్చి జోకులు ఉంటాయి. స్కూల్ పిల్లలు దీన్ని పక్కన పెట్టండి. పాత స్ట్రిప్పుల్లో ఆ నాటి గేమ్ తెలియకపోతే సగం జోకులు అర్థం కావు, కొత్తవాటి నుంచి మొదలుపెట్టండి.

కానీ వీళ్ళ గురించి తెలుసుకోవాల్సింది వేరే ఉంది. గేమర్లంటే హింస తప్ప ఏం తెలీదని పత్రికల్లో రాస్తున్న రోజుల్లో, 2003లో, సియాటిల్‌లో పిల్లల ఆసుపత్రికి బొమ్మలు, గేమ్‌లు పంపండని పాఠకులకి పిలుపిచ్చారు. చైల్డ్స్ ప్లే అనే ఆ పని ఇప్పుడు చాలా దేశాల ఆసుపత్రులకి చేరింది. 2004లో గేమర్ల కోసం పాక్స్ అనే సంబరం పెట్టారు, అదీ ఇప్పుడు పెద్ద జాతర. మనల్ని ఇంట్లో "ఫోన్ పట్టుకుని చెడిపోతున్నావ్" అంటే ఎదురు తిట్టడం ఒక పద్ధతి. ఇది ఇంకో పద్ధతి.

ఐదోది: ఎక్స్‌కేసీడీ

ఇది గేమింగ్ కామిక్ కాదు. బీటెక్ చదివినోళ్ళు, చదువుతున్నోళ్ళు మాత్రం దీన్ని వదలకూడదు. ర్యాండల్ మన్రో నాసాలో రోబోల మీద పని చేసినోడు, 2005లో మొదలుపెట్టాడు. ఇక్కడా పుల్ల మనుషులే. ఒక స్ట్రిప్‌లో స్కూల్ నుంచి అమ్మకి ఫోన్ వస్తుంది, మీ అబ్బాయి పేరు కంప్యూటర్‌లో ఎక్కించగానే పిల్లల రికార్డులన్నీ ఎగిరిపోయాయని. పిల్లాడి పేరులోనే డేటాబేస్ కమాండ్ పెట్టిందా తల్లి. నా మొదటి జాబ్‌లో ఇన్‌పుట్ చెక్ చేయకుండా కోడ్ రాస్తే, సీనియర్ తిట్టలేదు, ఈ బొమ్మ పంపాడు. జన్మలో మళ్ళీ ఆ తప్పు చేయలేదు.

గేమర్లకి రెండు చెప్తా. 2012లో వచ్చిన 'క్లిక్ అండ్ డ్రాగ్'. ఒక బొమ్మని పట్టుకుని లాగుతూ పోతే ఆకాశం, సొరంగాలు, సముద్రం, అంతు ఉండదు. ఓపెన్ వరల్డ్ మ్యాప్ అది. ఇంకోటి 2015లో వచ్చిన 'హోవర్‌బోర్డ్'. చిన్న డబ్బాలో నాణేలు ఏరే ఆట. అన్నీ ఏరేసి అయిపోయిందనుకుంటాం. డబ్బా గోడ దాటి బయటికి వెళ్ళి చూడండి, అంతే చెప్తా. రెండూ కంప్యూటర్‌లో చూస్తేనే మజా.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ కామిక్ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంది. పేరు చెప్పి, అమ్ముకోకుండా ఉంటే ఎవరైనా తమ భాషలోకి మార్చుకోవచ్చు. అంటే మీరు దాన్ని తెలుగు చేసినా తప్పు లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

'హోమ్‌స్టక్' ఏదని అడిగేవాళ్ళుంటారు. 2009 నుంచి 2016 దాకా, 8 వేల పేజీలు పైనే. పిల్లలు ఒక గేమ్ మొదలుపెడితే లోకం అంతమయ్యే కథ. దాని పాటలు కొన్ని చేసిన టోబీ ఫాక్స్ తర్వాత 'అండర్‌టేల్' గేమ్ చేశాడు. గొప్పదే, కానీ ఈత రానోణ్ణి తీసుకెళ్ళి కృష్ణలో తోసినట్టు ఉంటది. ముందు ఈ ఐదూ చదవండి, తర్వాత దూకండి.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. తెలుగులో ఏవి అన్నా?

బొమ్మల కథ మనకి కొత్త కాదు. చందమామ 1947 జూలైలోనే తెలుగులో మొదలైంది. మా అమ్మ పాత సంచికలు ట్రంకు పెట్టెలో దాచింది, వడ్డాది పాపయ్య గారి అట్టలు చూస్తే ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది. వెబ్‌టూన్ల సంగతికొస్తే, 2019 చివర్లో క్రాస్ కామిక్స్ అనే యాప్ కొరియా కథల్ని తెలుగులో తెచ్చింది. సమంత 'ఓ బేబీ' సినిమా గుర్తుందా? కొరియా సినిమాకి రీమేక్ కదా, దాని నిర్మాణంలో ఉన్న క్రాస్ పిక్చర్స్ వాళ్ళదే ఆ యాప్. తర్వాత టూన్‌సూత్ర అనే యాప్ వచ్చింది, అందులోనూ తెలుగు ఉంది. చూడండి. కానీ మన ఊళ్ళో పుట్టి, మన మాటల్లో మాట్లాడే గేమర్ వెబ్‌కామిక్ నాకు ఇంతవరకూ దొరకలేదు. మీ దగ్గర ఉంటే పంపండి, ఇంకో ఎపిసోడ్ దాని మీదే చేస్తా.

కథలు లేక కాదు. కృష్ణా మూసీ కలిసే చోటు మా వాడపల్లి. శివాలయంలో లింగం తల మీద గుంట ఉంటుంది, అందులో నీళ్ళుంటాయి. ఒక బోయవాడు పక్షిని తరుముకుంటూ వస్తే అది శివుడి వెనక దాక్కుందట. నాకు ఆకలి, నా పక్షి నాకివ్వు అన్నాడట బోయ. శరణన్నదాన్ని ఇవ్వలేను, నా తలలోంచి మాంసం తీసుకో అన్నాడట శివుడు. వాడు పది వేళ్ళతో తీసుకున్నాడట. ఆ గాయం కడగడానికే గంగ వచ్చిందని చెప్తారు. హీరో తన హెల్త్ బార్ కోసి ఇద్దరినీ బతికించాడు! ఇంతకంటే పెద్ద బాస్ ఫైట్ ఎక్కడుంది? నరసింహస్వామి గుడికి పోతే గర్భగుడిలో రెండు దీపాలు. కింద దీపం నిలకడగా ఉంటుంది, స్వామి ముఖం దగ్గరది ఊగుతూ ఉంటుంది. అది స్వామి ఊపిరి అంటారు. రెండే రెండు ప్యానెళ్ళు. ఒక్క మాట రాయకుండా గీసేయొచ్చు.

బొమ్మలు రావు అనకండి. ఐదింట్లో రెండు పుల్లబొమ్మలే అని ఇప్పుడే చెప్పా. భయంగా ఉంటే ఎక్స్‌కేసీడీ ఒకటి తీసుకుని తెలుగు చేసి చూడండి. జోక్ మన భాషలో పేలాలంటే ఎంత తంటాలు పడాలో అప్పుడు తెలుస్తది. మాటలు రాయడం అక్కడే నేర్చుకుంటాం.

చివరగా మా స్క్వాడ్ సంగతి. 2023 మేలో బీజీఎంఐ తిరిగొచ్చింది. నలుగురం దింపుకున్నాం. కానీ ఆ నాలుగోవాడు అప్పటికే దుబాయ్ వెళ్ళాడు. వాడికి షిఫ్ట్ డ్యూటీ. మాకు పదైనప్పుడు వాడు పనిలో ఉంటాడు, వాడు రూమ్‌కి వచ్చేసరికి మేము పడుకుంటాం. గేమ్‌కి నలుగురూ ఒకే టైమ్‌కి ఉండాలి. ఒకడు లేకపోతే మ్యాచ్ ఆగదు, వాణ్ణి వదిలేసి వెళ్ళిపోతుంది. కామిక్ అట్లా కాదు. వాడు పొద్దున చదివి ఒక ముక్క రాసి పెడతాడు, నేను మధ్యాహ్నం చదివి తిడతా, మిల్లువాడు రాత్రి వచ్చి ఇద్దరినీ తిడతాడు. మూడేళ్ళుగా అరుగు ఖాళీ అవ్వలేదు.

పోయిన నెల వాడు గ్రూప్‌లో ఒక ఫోటో పెట్టాడు. డ్యూటీ రిజిస్టర్ వెనక పేజీ మీద బాల్ పెన్నుతో గీసింది. ఒక బోయవాడు, ఒక పక్షి, ఒక లింగం. అన్నీ పుల్లలే. కింద రాశాడు, రెండో ప్యానెల్ మీరు గీయండ్రా అని.

రెండోది నేను గీశా. దరిద్రంగా వచ్చింది. మూడోది మిల్లువాడి దగ్గర ఉంది, వాడు ఇంకా వడ్ల సీజన్ అంటున్నాడు.

ఈ వారం మీరు ఒకటి చదవండి, దొంగ సైట్‌లో కాకుండా. గీసినోడి పేరు ఏంటో చూడండి, చదవడం మొదలుపెట్టకముందే చూడండి. ఆ తర్వాత మీ స్క్వాడ్‌లో ఆన్‌లైన్‌కి రావడం మానేసినోడు ఒకడుంటాడు కదా, వాడికి పంపండి. మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.